చెనక్కాయ దారిలో ఆసియా – ఆఫ్రికా

రెండు ఖండాల మధ్య రాజకీయ సహకారం, అభివృద్ధి సహకారం అనగానే మనకు ఢిల్లీలోనో, కైరోలోనో జరిగే పెద్ద పెద్ద సభలు, జెండాలు, కరచాలనాలు గుర్తుకు వస్తాయి. వాటికీ మన అనంతపురం మెట్ట పొలానికీ ఏమిటయ్యా సంబంధం అని ఎవరైనా అడిగితే, అడగడం న్యాయమే. కానీ కాస్త ఓపికగా చూస్తే, పొరుగు ఖండాలైన ఆసియా, ఆఫ్రికాల మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోవడాలు మన కంచంలోనూ, చేనులోనూ, మార్కెట్ యార్డులోనూ కనబడతాయి. ఈ చిన్న వ్యాసంలో ఆ చరిత్రనే, మన జిల్లా వైపు నుంచి, పాఠకుల ముందు పెట్టదలిచాను.

ముందు కంచం సంగతి చూద్దాం. సంగతి లేనిదే రాయలసీమ లేదంటారు. ఆ సంగతికి మూలమైన రాగి తూర్పు ఆఫ్రికా మిట్టల్లో పుట్టిన పంట. జొన్న ఆఫ్రికాదే. సజ్జ ఆఫ్రికాదే. అలసంద, ఆముదం, పుచ్చకాయ, చివరికి మన అనపగింజ కూడా ఆ వైపు నుంచి వచ్చినవే అని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. తుంగభద్ర ఒడ్డున కర్ణాటకలో ఉన్న హళ్ళూరు తవ్వకాల్లో సుమారు 3,500 ఏళ్ళనాటి సజ్జ గింజలు బయటపడ్డాయి. అంటే వేదికలూ, ఒప్పందాలూ, సంతకాలూ లేని కాలంలోనే రెండు ఖండాల రైతులు ఒకరి విత్తనం ఒకరు చల్లుకున్నారన్న మాట. చింతచెట్టు సంగతి మరీ తమాషా. దాని పుట్టిల్లు ఉష్ణ ఆఫ్రికా. అరబ్బు వర్తకులు మాత్రం దాన్ని మన రేవుల్లో చూసి 'తమర్ హిందీ' అన్నారు, అనగా హిందూదేశపు ఖర్జూరం అని. ఆ పేరే ఐరోపా భాషలకు పాకింది. ఆఫ్రికా చెట్టుకు అరబ్బులు భారతదేశం పేరు పెట్టగా, ప్రపంచమంతా ఆ పేరే పిలుస్తోంది! దీనికి బదులుగా మనం ఆఫ్రికాకు ఇచ్చిన దానిలో ముఖ్యమైనది కంది. దాని కథ చివర్లో చెబుతాను, ఎందుకంటే అక్కడ తగువు కూడా ఉంది.

ఇక చెనక్కాయ. కోస్తా వాళ్ళు వేరుశనగ అంటారు, హైదరాబాదు వాళ్ళు పల్లీలంటారు, మన ఇళ్ళల్లో మూంగ్‌ఫలీ అంటాం. ఇది ఆఫ్రికాదీ కాదు, మనదీ కాదు. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో ఆఫ్రికాకూ, ఆసియాకూ వచ్చింది. ఆఫ్రికావారికి మాత్రం భూమిలో కాయ కాసే మొక్క కొత్త కాదు. బంబారా శనగ అనేది వారికి అంతకుముందే ఉండేది. 1352–53లో మాలీ రాజ్యంలో తిరిగిన ఇబ్న్ బతూతా, అక్కడివారు నేలలోంచి తవ్వితీసి వేయించుకు తినే గింజల గురించి తన యాత్రా గ్రంథంలో చెప్పాడు. అదే మనిషి ఢిల్లీలో కాజీగా పనిచేసి, మలబారు, మధుర కూడా చూసి వెళ్ళాడు. ఆసియా, ఆఫ్రికాలను ఒకే జత కాళ్ళతో కొలిచినవాడు చరిత్రలో అతనికి మించినవాడు అరుదు.

19వ శతాబ్దంలో చెనక్కాయకు అసలు గిరాకీ పుట్టించింది ఫ్రాన్సులోని మార్సెయ్ రేవు. అక్కడి సబ్బు, నూనె మిల్లులకు కాయలు కావాలి. ఒక వైపు సెనెగల్ నుంచి, ఇంకో వైపు పుదుచ్చేరి నుంచి ఓడలు బయలుదేరేవి. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక మన వైపు దారి మరీ దగ్గరైంది. సెనెగల్ రైతుకూ దక్షిణ ఆర్కాటు రైతుకూ పరిచయం లేదు, కానీ ఒకే మిల్లు గుమ్మం ముందు ఇద్దరూ పోటీదారులు. ధర నిర్ణయించేది మూడో ఖండంలోని వర్తకుడు. 19వ శతాబ్దం చివరలో మద్రాసు రాష్ట్రంలో 'మారిషస్' అనే పేరుతో ఒక రకం వ్యాపించింది. ఆ పేరే చెబుతోంది హిందూ మహాసముద్రం మీద విత్తనం ఎటునుంచి ఎటు నడిచిందో. ఈ మార్సెయ్ గుమ్మం సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దీని అవసరం మళ్ళీ వస్తుంది.

అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. అప్పటికి 1876–78 నాటి మహా కరువు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఏడాదికి సగటు వర్షం సుమారు 552 మిల్లీమీటర్లు. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని బడిపిల్లలు కూడా చెబుతారు. ఎర్రనేల, పలచటి మట్టి పొర, కింద రాయి. జొన్న, కొర్ర, సజ్జ వేసుకునే ఈ నేల 20వ శతాబ్దంలో మెల్లమెల్లగా చెనక్కాయకు మారింది. గుడియాత్తం గుత్తి రకం నుంచి తిండివనం పరిశోధన కేంద్రం ఎంపిక చేసి 1940లో విడుదల చేసిన టీఎంవీ–2 అనే విత్తనం మన జిల్లాను ఏలింది అంటే అతిశయోక్తి కాదు. మంచి కాలంలో ఒక్క ఖరీఫ్‌లోనే ఇక్కడ 20 లక్షల ఎకరాల దాకా చెనక్కాయ వేశారు. ఇంత పెద్ద విస్తీర్ణంలో ఒకే పంట, అందులోనూ చాలావరకు ఒకే రకం ఉండటం మంచిదా చెడ్డదా అంటే, వాన పడ్డ ఏడు మంచిది, పడని ఏడు మొత్తం మునక.

ఇలాంటి నేల మీద ఇదే పంటతో ఐరోపావారు ఆఫ్రికాలో చేసిన ఒక ప్రయోగం ఉంది. దాన్ని ఇక్కడ చెప్పకపోతే కథ సగమే అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో నూనెలకు, కొవ్వులకు కరువు వచ్చింది. వలసగా ఉన్న టాంగన్యికాలో, అనగా ఇప్పటి టాంజానియాలో, 30 లక్షల ఎకరాలకు పైగా అడవిని కొట్టి చెనక్కాయ వేస్తే బ్రిటన్‌కు నూనె, ఆఫ్రికాకు అభివృద్ధి అని లండన్‌లో లెక్కలు కట్టారు. 1946లో ఒక బృందం వెళ్ళి, కొద్ది వారాలు చూసి, భేష్ అని నివేదిక ఇచ్చింది. 1947లో కొంగ్వా అనే చోట పని మొదలైంది. యుద్ధంలో మిగిలిన ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి దింపారు. బావోబాబ్ చెట్లు యంత్రాలకు లొంగలేదు. అక్కడి ఎర్ర బంకమట్టి వానలో బురద, ఎండలో ఇటుక. కాయ పీకబోతే తీగ చేతికొచ్చేది, కాయ నేలలో మిగిలేది. మన గుంతకల్లు, ధర్మవరం రైతును ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు, వాన ఎగ్గొట్టిన ఏడాది గట్టిపడిన నేలలో చెనక్కాయ పీకడం ఎంత కష్టమో! కొంగ్వా చుట్టుపక్కల పల్లెల ముసలివాళ్ళనైనా వానల లెక్క అడగలేదు. 1951 జనవరిలో పథకం మూసేశారు. సుమారు 3 కోట్ల 60 లక్షల పౌండ్లు రద్దు కింద రాసుకున్నారు. విత్తనం కోసం కొన్నంత కాయ కూడా పండలేదని అప్పట్లో ఎగతాళి చేశారు. సహకారం అనే మాటను ఒకే పక్షం ఉచ్చరిస్తే ఎలా ఉంటుందో కొంగ్వా చూపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆసియా, ఆఫ్రికా దేశాలు సొంత గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాయి. 1955 ఏప్రిల్ 18 నుంచి 24 వరకు ఇండొనీషియాలోని బాండుంగ్‌లో 29 దేశాలు సమావేశమయ్యాయి. వాటిలో ఆఫ్రికా దేశాలు ఆరే: ఈజిప్టు, ఇథియోపియా, లిబియా, లైబీరియా, సూడాన్, అప్పటికింకా స్వాతంత్ర్యం రాని గోల్డ్ కోస్ట్. బాండుంగ్ అంటే పంచశీల, అలీన విధానం అనే చాలామంది చెబుతారు. కానీ ఆ సభ తుది ప్రకటనలో మొట్టమొదటి భాగం ఆర్థిక సహకారం గురించే. ఒకరికొకరు నిపుణులను పంపుకోవడం, శిక్షణ ఇచ్చుకోవడం, పనిముట్లు చూపుకోవడం అని అందులో రాసుకున్నారు. ఆ మాటలు కాగితం మీదే ఉండిపోలేదు. 1962లో న్యూఢిల్లీ కేంద్రంగా ఆఫ్రో–ఆసియా గ్రామీణ పునర్నిర్మాణ సంస్థ ఏర్పడింది. నేటి ఆర్డో అదే. 1964 సెప్టెంబరు 15న భారత ప్రభుత్వం ఐటెక్ అనే సాంకేతిక సహకార పథకం ప్రారంభించింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని సమాజాభివృద్ధి సంస్థ, 1977 నుంచి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థగా పేరు మారినది, ఆఫ్రికా అధికారులకు ఎన్నో ఏళ్ళుగా శిక్షణ ఇస్తూ వచ్చింది. చార్మినార్ దగ్గర గాజులు బేరమాడుతున్న సూడాన్, నైజీరియా, టాంజానియా అతిథులను హైదరాబాదు వెళ్ళిన మనవాళ్ళు చూసే ఉంటారు. వారిలో కొందరు విద్యార్థులు, కొందరు ఇలా శిక్షణకు వచ్చిన అధికారులు.

రాజకీయం లేకుండా ఈ సహకారం లేదు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడలో మొదటి కూలీలు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్ళారు. ఆ తర్వాతి ఓడల్లో వేలాది తెలుగువారు ఎక్కారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పాటు చేసుకుని భాషను కాపాడుకున్నారు. వారి మీద సాగిన వివక్షకు నిరసనగా భారతదేశం 1946లోనే, ఇంకా స్వాతంత్ర్యం చేతికి రాకముందే, దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకుంది. మన జిల్లా ఇల్లూరు గ్రామంలో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1977 నుంచి 1982 వరకు రాష్ట్రపతిగా ఉన్న కాలంలో విదేశీ పర్యటనల్లో భాగంగా కెన్యా, జాంబియాలకు వెళ్ళారు. అవి ఆషామాషీ రోజులు కావు. దక్షిణాదిలో జాత్యహంకార ప్రభుత్వం తుపాకీ పట్టుకుని కూర్చుని ఉంది. జాంబియా స్వాతంత్ర్య యోధులకు ఆశ్రయమిచ్చి, దాని ఫలితం అనుభవిస్తోంది. కరువు జిల్లా నుంచి వచ్చిన ఒక రైతుబిడ్డ కౌండా పక్కన నిలబడటాన్ని మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో కూడా చెప్పవు. 1986లో అలీన దేశాలు హరారేలో ఆఫ్రికా నిధి పెట్టినప్పుడు దానికి భారతదేశమే అధ్యక్షత వహించింది.

సభల సంగతి ఇంతటితో చాలు. పొలంలోకి వద్దాం.

1972లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడింది. వాన మీద ఆధారపడే మెట్ట ప్రాంతాల పంటలే దాని పని: జొన్న, సజ్జ, శనగ, కంది, ఆ తర్వాత చెనక్కాయ. 1976లో చెనక్కాయ కార్యక్రమం మొదలైంది. ఈ పంటల జాబితా చూడండి. సగం ఆఫ్రికాలో పుట్టి మన దగ్గరికి వచ్చినవి, కంది మన దగ్గర పుట్టి ఆఫ్రికాకు పోయినది. కాబట్టి ఆ సంస్థ ఒక కాలు పటాన్‌చెరులోనూ, ఇంకో కాలు ఆఫ్రికాలోనూ పెట్టక తప్పలేదు. 1981లో నైజర్ దేశ రాజధాని నియామే దగ్గర సదోరే అనే పల్లెలో సహేల్ కేంద్రం ఏర్పాటైంది. సదోరేలో ఏడాది సగటు వర్షం సుమారు 560 మిల్లీమీటర్లు. మన అనంతపురం 552! వానలో తేడా ఎనిమిది మిల్లీమీటర్లే అయినా మట్టి వేరు. అక్కడిది ఇసుక నేల. మనకు సంగతి ఎలాగో వారికి సజ్జ అలాగ.

1982లో మలావి దేశంలో, లిలాంగ్వే దగ్గర చితెద్జే కేంద్రంలో, చెనక్కాయ ప్రాంతీయ కార్యక్రమం ప్రారంభమైంది. ఎందుకు అక్కడికే వెళ్ళాలి అనేదానికి ఒక గట్టి కారణం ఉంది. ఆఫ్రికా చెనక్కాయకు రోసెట్ అనే వైరస్ తెగులు శత్రువు. 1907లో టాంగన్యికాలోనే దీన్ని మొదట గుర్తించారు. పేనుబంక దీన్ని మోస్తుంది. ఆకులు చిన్నవై, గుత్తిగా ముడుచుకుని, మొక్క గిడసబారిపోతుంది. ఈ తెగులు ఆఫ్రికా ఖండం దాటి రాలేదు. కాబట్టి దాన్ని తట్టుకునే రకాన్ని పటాన్‌చెరులో కూర్చుని పరీక్షించడం కుదరదు. తెగులు ఉన్న చోటే విత్తి చూడాలి.

రోసెట్ ఎంత పని చేయగలదో నైజీరియా చూసింది. కానో పట్టణంలో చెనక్కాయ బస్తాలను ఈజిప్టు పిరమిడ్ల ఆకారంలో పేర్చేవారు. ఒక్కో గుట్టలో 15,000 బస్తాల దాకా ఉండేవి. అల్హసన్ దంతాత అనే ప్రసిద్ధ వర్తకుడు ఈ వ్యాపారంతోనే పశ్చిమాఫ్రికాలో పెద్ద ధనవంతుడయ్యాడు. 1955లో ఆయన చనిపోయేనాటికి కానో పిరమిడ్లు తపాలా బిళ్ళల మీదికెక్కే స్థాయిలో పేరు పొందాయి. 1968 నుంచి 1973 దాకా సహేల్ అంతటా కరువు. దాని వెనకే 1975లో రోసెట్ ఉత్తర నైజీరియాలో సుమారు 7 లక్షల హెక్టార్ల పంటను తుడిచిపెట్టింది. అదే సమయంలో భూమి కింది నూనె, అంటే పెట్రోలు, డబ్బు కురిపిస్తుంటే చెనక్కాయను పట్టించుకున్న నాథుడు లేడు. పిరమిడ్లు మాయమయ్యాయి.

ఇది దూరదేశపు కథ అనుకునేలోగా మన వంతు వచ్చింది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో చెనక్కాయ మొక్కల మొవ్వు ఎండి, కాండం నల్లబడి, చేలకు చేలు చచ్చిపోయాయి. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటే. మొదట అందరూ పాత మొవ్వుకుళ్ళు అనుకున్నారు. ఇక్రిశాట్ వైరస్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది పొగాకు మీద కనిపించే వేరొక వైరస్ అని తేల్చారు. దానికి ఆశ్రయమిచ్చేది గట్ల మీద విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామ. మనవాళ్ళు కాంగ్రెస్ గడ్డి అంటారే, అదే. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొచ్చి చెనక్కాయ ఆకు మీద గీకుతాయి. అంతే! కాబట్టి మందు కొట్టడం కన్నా ముందు గట్టు శుభ్రం చేయండి, చుట్టూ జొన్నో సజ్జో అంచు పంటగా వేయండి అని చెప్పగలిగారు. రోసెట్ లాంటి వైరస్ తెగుళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన చేతులు, ప్రయోగశాలలు ఆ సంస్థలో ఉండబట్టే జవాబు తొందరగా దొరికిందని నా నమ్మకం. ఆఫ్రికా కోసం నేర్చిన విద్య అనంతపురానికి పనికొచ్చింది.

విత్తనాల రాకపోకలు కూడా రెండు వైపులా సాగాయి. మలావిలో 1990లో విడుదలైన సీజీ–7 అనే చెనక్కాయ రకం పటాన్‌చెరులో చేసిన సంకరణం నుంచి వచ్చింది. అదే జాంబియాలో వేరే పేరుతో, ఉగాండాలో ఇంకో పేరుతో రైతుల చేతికి పోయింది. మన కదిరి పరిశోధన కేంద్రం పేరు మీద చెల్లుబాటైన కదిరి–3, శాస్త్రజ్ఞుల భాషలో రోబట్ 33–1, ఇక్రిశాట్ సంకరణాల్లో తల్లిగానో తండ్రిగానో ఎన్నో రకాలకు మూలమైంది. దాని సంతతికి చెందిన ఐసీజీఎస్–44 పాకిస్తాన్ రైతుల దాకా పోయింది. మనుషులకు వీసాలు దొరకని చోటికి కూడా విత్తనానికి దారి దొరుకుతుంది! కరువుకు తట్టుకునే రకాల కోసం సెనెగల్‌లోని బాంబే కేంద్రం తయారుచేసిన 55–437 అనే రకాన్ని మనవైపు పరిశోధకులు కూడా వాడుకున్నారు. 2000 తర్వాతి దశాబ్దంలో మన జిల్లా రైతుల పొలాల్లోనే పాత టీఎంవీ–2 పక్కన ఐసీజీవీ 91114 అనే కొత్త రకాన్ని వేయించి, ఏది నచ్చిందో రైతులనే చెప్పమన్నారు. దాంట్లో ఆచార్య రంగా విశ్వవిద్యాలయపు రేకులకుంట కేంద్రం, ఇక్రిశాట్, 1969లో అనంతపురం వచ్చి స్థిరపడిన బార్సెలోనా వాసి విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ కలిసి పనిచేశాయి. ఆసియా, ఐరోపాలు కూడా పొరుగు ఖండాలే కాబట్టి ఆర్డీటీ కథ వేరే ఒక వ్యాసానికి సరిపోతుంది. ఇక్కడ ఒక్క ముక్కే: కొంగ్వాలో అడగని మాటను ఇక్కడ అడిగారు.

ఇప్పుడు మార్సెయ్ గుమ్మం దగ్గరికి మళ్ళీ వద్దాం. పంట పండాక కాయ తడిసినా, కోతకు ముందు బెట్ట తగిలినా, ఒక బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఐరోపా సమాజం తినే చెనక్కాయలో వంద కోట్ల పాళ్ళకు నాలుగు పాళ్ళు మించి అది ఉండకూడదని నియమం పెట్టింది. ఆరోగ్యం కోసమే, కాదనలేం. అయితే పరీక్ష ఖరీదు చిన్న రైతుకు అందదు. పటాన్‌చెరు శాస్త్రజ్ఞులు తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష ఒకటి తయారుచేశారు. మలావిలో నాస్ఫామ్ అనే చిన్న రైతుల సంఘం దాన్ని తీసుకుని, సొంతంగా కాయలు పరీక్షించుకుని, బ్రిటన్ మార్కెట్‌కు మళ్ళీ చెనక్కాయ అమ్మగలిగింది. ఆసియాలో తయారైన పరీక్ష, ఆఫ్రికాలో పండిన కాయ, ఐరోపాలో కొనుగోలు. నూట యాభై ఏళ్ళ కిందట గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడిన రైతు, తన సరుకుకు తానే కాగితం పట్టుకెళ్ళాడు. నన్నడిగితే బాండుంగ్ ప్రకటనలోని మొదటి భాగానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం లేదు.

అన్నీ ఇలా బాగున్నాయని చెబితే అబద్ధమవుతుంది. 2008 తర్వాత ప్రపంచంలో తిండిగింజల ధరలు పెరిగినప్పుడు ఆఫ్రికా భూముల మీద అందరి కన్నూ పడింది. 2010 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ రైతులను కూడా కెన్యా, ఉగాండా వంటి దేశాలకు పంపి, కౌలుకు భూములు ఇప్పించి సాగు చేయించాలన్న ఆలోచన ప్రభుత్వ స్థాయిలో నడిచింది. వేల ఎకరాలు కారుచవకగా దొరుకుతాయి అనేది అప్పటి మాట. ఇంత చవకగా దొరికే భూమి మీద అంతకుముందు ఎవరు పశువులు మేపుకునేవారు అని అడిగినవారు తక్కువ. ఇథియోపియాలోని గాంబెల్లాలో బెంగుళూరుకు చెందిన ఒక గులాబీల కంపెనీ లక్ష హెక్టార్లు కౌలుకు తీసుకుంది. 2011లో బారో నది పొంగి పంటను ముంచేసింది. ఆ నది పొంగుతుందని అక్కడి వారికి తరతరాలుగా తెలుసు. 2015 డిసెంబరులో ఇథియోపియా ప్రభుత్వం ఆ కౌలు రద్దు చేసింది. కొంగ్వాలో బ్రిటిషువాడు చేసిన పనినే మనవాళ్ళు అరవై ఏళ్ళ తర్వాత చేశారు. రంగు మారింది, తీరు మారలేదు.

మంచి మాట కూడా ఒకటి చెప్పాలి. 2024 జులైలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో గుల్బెంకియన్ బహుమతిని ముగ్గురికి కలిపి ఇచ్చారు. ఒకరు మృత్తికా శాస్త్రవేత్త రతన్ లాల్, రెండోది ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం, మూడోది ఈజిప్టులోని సెకెం సంస్థ. సెకెం 1977లో ఇబ్రహీం అబులైష్ కైరోకు ఈశాన్యంగా ఎడారిలో మొదలుపెట్టిన వ్యవసాయ క్షేత్రం. మన వైపు, వానలకు ముందే పొడినేలలో రకరకాల విత్తనాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతి అనంతపురం వంటి వానలేని చోట్లే బాగా నిగ్గు తేలింది. ఈ పనిలో ఆడవాళ్ళ సంఘాలది పెద్ద చెయ్యి. చల్లే గింజల్లో సజ్జ, జొన్న, అలసంద, అనప, ఆముదం అన్నీ ఉంటాయి. అంటే 3,500 ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవే మళ్ళీ నేల కాపాడటానికి దిగాయి.

ఇక కంది తగువు. కంది మన ద్వీపకల్పంలో పుట్టి తూర్పు ఆఫ్రికాకు వెళ్ళింది. మొజాంబిక్ ఉత్తర జిల్లాల్లో రైతులు కంది పండించేది చాలావరకు మనకు అమ్మడానికే. 2008లో ఢిల్లీలో జరిగిన మొదటి భారత–ఆఫ్రికా శిఖరాగ్ర సభలో, వెనుకబడిన దేశాల సరుకులకు సుంకం తగ్గించే పథకం ప్రకటించారు. 2015లో మన దగ్గర కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరువైంది. గుర్తుండే ఉంటుంది, ఇళ్ళల్లో పప్పు నీళ్ళయింది. 2016 జులైలో మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకున్నారు. మొదటి ఏడాది లక్ష టన్నులు, 2020–21 నాటికి 2 లక్షల టన్నుల దాకా కొంటామని మాట ఇచ్చారు. ఆ మాట విని అక్కడివారు కంది ఎక్కువగా వేశారు. ధర చూసి ఇక్కడివారూ ఎక్కువగా వేశారు. 2016–17లో దేశంలో ఎన్నడూ లేనంత కంది పండింది. మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలు 5,050 రూపాయలు. యార్డుల్లో రేటు దానికన్నా కిందికి జారింది. 2017 ఆగస్టులో ప్రభుత్వం కంది దిగుమతిని ఏడాదికి 2 లక్షల టన్నులకు కట్టడి చేసింది. మొజాంబిక్ ఒప్పందపు సరుకును దానినుంచి మినహాయించినా, అక్కడి పల్లెల్లో ధర కుప్పకూలింది. ఒకే సీజనులో రెండు ఖండాల కంది రైతులూ మునిగారు.

చెనక్కాయ వదిలి కందికీ, ఆముదానికీ, తోటలకూ మారుతున్న మన ప్రాంతానికి, 2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి అని రెండు జిల్లాలైన ఈ కరువు పీఠభూమికి, ఇది వార్తాపత్రిక విషయం కాదు, బస్తా విషయం. మొజాంబిక్ కంది రాకూడదని గట్టిగా అరిచేవారితో నేను ఏకీభవించను. పట్నంలో పప్పు కొనుక్కునే కూలివాడు కూడా మనవాడే, నాంపులాలో పొలం దున్నేవాడు కూడా పేదవాడే. అయితే ఎన్ని టన్నులు, ఏ నెలలో, ఏ రేవుకు వస్తున్నాయో మన యార్డు బోర్డు మీద విత్తనం వేసే ముందే రాయమని అడగడం తప్పు కాదు. అలాగే మన సాగు ఎంతో అక్కడి వారికి ముందే చెప్పమని వారు అడగడమూ తప్పు కాదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ–20 సభలో ఆఫ్రికా సమాఖ్యకు సభ్యత్వం ఇప్పించింది మన దేశమే. అంతటి పెద్ద కుర్చీ వేయగలిగినవారు ఈ చిన్న కాగితం అంటించలేరా? 2016 నాటి కంది ఒప్పందాన్ని 2021లో మరో ఐదేళ్ళు పొడిగించారు. లెక్క మాత్రం మారలేదు: ఏడాదికి 2 లక్షల టన్నులు.